ఏఐ ఏజెంట్‌కి డిలీట్ చేసే టూల్స్ ఎంతవరకు ఇవ్వొచ్చు?

రుషికొండ_బ్యాకెండ్:
వైజాగ్‌లో ఒక రొయ్యల ఎగుమతి సంస్థకి ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కోడింగ్ ఏజెంట్‌కి (సొంతంగా కమాండ్లు నడిపే ఏఐ) షెల్, డేటాబేస్ టూల్ రెండూ ఇచ్చాం. "ప్రొడక్షన్ ముట్టుకోకు" అని ప్రాంప్ట్‌లో రాసి, ఆర్ఎం, డ్రాప్, ట్రంకేట్ అనే చెరిపే కమాండ్లు కనిపిస్తే ఆపే ఫిల్టర్ పెట్టాం. సరిపోతుందా? పాత డ్రాఫ్ట్ ఆర్డర్లు తీసే పని మాత్రం ఏజెంటే చెయ్యాలి.

పాత_డీబీఏ:
చాలదండి. ఏజెంట్ చదివే టికెట్‌లోనో మెయిల్‌లోనో ఎవరైనా ఎదురు ఆదేశం రాస్తే మీ ప్రాంప్ట్ గాలికి పోవచ్చు. ఆర్ఎం ఆపినా ఫైండ్‌కి డిలీట్ ఆప్షన్ ఉంది, గిట్ క్లీన్ ఉంది, పైథాన్‌లో రెండు లైన్లు చాలు. డేటాబేస్‌లో అయితే వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) లేని డిలీట్ ఒక్కటి చాలు, మీ ఫిల్టర్‌కి అది తగలనే తగలదు.

ఆపాల్సింది డేటాబేస్ దగ్గరే. ఏజెంట్‌కి వేరే రోల్ (డేటాబేస్ యూజర్) పెట్టి, కావాల్సిన టేబుళ్ల మీద సెలెక్ట్, అంటే చదివే హక్కు మాత్రమే గ్రాంట్ చెయ్యండి. డ్రాప్ టేబుల్ హక్కు గ్రాంట్‌తో రాదు, ఓనర్‌షిప్‌తో వస్తుంది. మైగ్రేషన్లు (టేబుళ్ల నిర్మాణం మార్చే స్క్రిప్ట్‌లు) నడిపే యూజర్‌నే ఏజెంట్‌కీ ఇస్తే మునిగేది అక్కడే. ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ సెట్టింగ్ పెట్టాం కదా అని ఊరుకోవద్దు, అదే సెషన్‌లో ఒక్క సెట్ కమాండ్‌తో తీసెయ్యొచ్చు.

డ్రాఫ్ట్‌ల కోసం సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్ (పిలిచినవాళ్ల హక్కులతో కాక ఓనర్ హక్కులతో నడిచేది) ఒకటి రాయండి. స్టేటస్ డ్రాఫ్ట్ అయ్యుండాలి, 90 రోజులు దాటాలి, 200 వరుసలు మించితే ఎర్రర్. వరుసని చెరపకుండా తొలగించిన తేదీ మాత్రం వెయ్యాలి. ఫంక్షన్ సృష్టించగానే ఎగ్జిక్యూట్ హక్కు పబ్లిక్‌కి పోతుంది, దాన్ని రివోక్ చేసి ఏజెంట్ రోల్‌కే ఇవ్వండి. సెర్చ్ పాత్ (పేర్లని ఏ స్కీమాల్లో వెతకాలో చెప్పేది) కూడా ఫంక్షన్‌లోనే బిగించండి.

ఎండాడ_ఆప్స్:
షెల్‌ని కంటైనర్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట), రూట్ కాని యూజర్‌తో, ప్రాజెక్ట్ కాపీ ఒక్కటే మౌంట్ చేసి నడపండి. డాకర్ సాకెట్ (కంటైనర్లని నడిపే డాకర్‌కి ఆదేశాలిచ్చే దారి) లోపలికిచ్చారంటే హోస్ట్ మొత్తం ఇచ్చినట్టే. పాస్‌వర్డ్‌లున్న ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో ఉంటే ఏజెంట్ వెతికి మరీ వాడుకోవచ్చు.

ఎంసీపీ (ఏజెంట్‌కి బయటి టూల్స్ కలిపే పద్ధతి) టూల్స్‌లో డిస్ట్రక్టివ్ హింట్ (ఈ టూల్ చెరుపుతుందా లేదా అన్న సూచన) చూసి భరోసా పడొద్దు, అది సర్వర్ తన గురించి తాను చెప్పుకునే మాట. టెర్రాఫామ్‌లో (క్లౌడ్ వనరులని కోడ్‌తో నడిపే టూల్) ప్రివెంట్ డిస్ట్రాయ్, అంటే చెరపకుండా ఆపే సెట్టింగ్ కూడా అంతే: రిసోర్స్ బ్లాక్‌నే తీసేస్తే ఆ రక్షణ కూడా దాంతోపాటే పోతుంది. బ్యాకప్ వేరే క్లౌడ్ ఖాతాలో, ఏజెంట్ తాళాలకి అందనిచోట పెట్టండి. (2014 హుద్‌హుద్ చూసిన ఊరు మనది, ఆఫీసు గదిలో సర్వర్‌నే బ్యాకప్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారా?)

రుషికొండ_బ్యాకెండ్:
థాంక్సండి. ప్రతి కమాండ్‌కీ మనిషి అనుమతి పెడితే?

పాత_డీబీఏ:
ఫైళ్ల జాబితాకి కూడా అడిగితే సాయంత్రానికి చూడకుండానే ఎస్ కొట్టేస్తారు. చదివేవాటిని వదిలెయ్యండి, మార్చేవాటికే అడగాలి. ఆ స్క్రీన్‌లో "క్లీనప్ చేస్తున్నా" అన్న ఏజెంట్ వర్ణన కాదు, అసలు ఎస్‌క్యూఎల్, ఏ డేటాబేస్, ఎన్ని వరుసలు అన్నవి కనపడాలి. ఎస్ కొట్టాక కమాండ్‌లో ఒక్క అక్షరం మారినా మళ్లీ అడగాలి.