‘జె ప్రి’ చివర ‘జ్’ ఉందా?

గోదారి గట్టు: నిన్నటి నుంచి ఒక లైను బుర్రలో తిరుగుతోంది. ఫ్రెంచి కవి ప్రెవేర్ కాఫీ కవిత చివర, అతను వానలో వెళ్లిపోయాక... ‘నా తల పట్టుకున్నాను’ అనడానికి ‘జె ప్రి మా తెత్’ అనా, ‘జె ప్రీజ్ మా తెత్’ అనా? మా మేడమ్ చదివినప్పుడు ‘జ్’ వినబడినట్టే గుర్తు. మా అమ్మాయికి పాసె కొంపొజె (అయిపోయిన పనిని చెప్పే ఫ్రెంచి భూతకాలం) ఈ కవితతోనే మొదలుపెడదామని.

పాత పుస్తకాలు: ‘ప్రి’నే అండీ. ‘అవ్వార్’ అనే సహాయక క్రియతో వచ్చే పార్టిసిపుల్ (ఇక్కడ ‘ప్రి’), కర్మ ముందుంటేనే లింగం పట్టించుకుంటుంది. ఇక్కడ ‘తెత్’ (తల, స్త్రీలింగం) వెనక వచ్చింది. ‘లా తెత్ క జె ప్రీజ్’ (నేను పట్టుకున్న తల) అని తిప్పితే అప్పుడు ‘జ్’ పలుకుతుంది. ఈ నియమాన్ని 16వ శతాబ్దంలోనే క్లెమాఁ మరో అనే ఫ్రెంచి కవి ఒక పద్యంలో చెప్పాడు, ఇటాలియన్‌ను ఉదాహరణగా చూపించి మరీ.

సెకండ్ లాంగ్వేజ్: వ్యాకరణాన్ని పద్యాల్లో పెట్టడం 13వ శతాబ్దంలోనే మన తెలుగు కవి కేతన చేశాడు, క్లెమాఁ మరో కన్నా చాలా ముందు. ‘జ్’ సంగతికొస్తే, లియేజాఁ (మాట చివర పలకని హల్లుని, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే పలకడం) అయి ఉంటుందని నా అనుమానం. ‘జె ప్రి’ తర్వాత ‘అఁ కఫే’ (ఒక కాఫీ) వస్తే, పట్టి పట్టి చదివేవాళ్లు మధ్యలో ‘జ్’ పలుకుతారు.

పాత పుస్తకాలు: తర్వాతున్నది ‘మా’. హల్లు ముందు లియేజాఁ ఎక్కడిదండీ?

కాఫీ కప్పు: ‘జ్’ దగ్గరే ఆగిపోతే ఎలా? కవిత చివర ఏడ్చింది ఎవరు? అతను లేచాడు, వెళ్లిపోయాడు: ఈ రెండు క్రియలకే ‘ఎత్ర్’ అనే రెండో సహాయక క్రియ వచ్చింది. ‘నేను’కి వచ్చినవి రెండూ అవ్వార్‌తోనే. ‘జె ప్లరె’ (ఏడ్చాను) అంటే ఆడో మగో చెప్పలేం. ‘నేను ఉండిపోయాను’ అని రాసి ఉంటే ఎత్ర్ రావాలి, ఆడమనిషైతే పార్టిసిపుల్ చివర ‘e’ అక్షరం చేర్చాలి, గుట్టు బయటపడేది. ప్రెవేర్ కావాలనే ఆ క్రియల జోలికి పోలేదని నా నమ్మకం.

సెకండ్ లాంగ్వేజ్: భార్యే అనుకుంటూ చదివాం ఇన్నాళ్లూ.

పాత పుస్తకాలు: చిన్నపిల్లాడు కూడా కావచ్చు, తండ్రి మాట్లాడకుండా వెళ్లిపోతే. తెలుగులో ‘ఏడ్చాను’ అన్నా అంతే, గుట్టు దాగుతుంది. హిందీలో అయితే రోయా, రోయీ ఏదో ఒకటి తేల్చాల్సిందే.

కాఫీ కప్పు: అందుకే ఈ కవిత తెలుగులోకి హాయిగా వస్తుంది. 1946లో వచ్చిన ‘పారోల్’ కవితా సంపుటిలో కామా, ఫుల్‌స్టాప్ లేకుండా ఇలా రాయడం ఆయనకే చెల్లింది. పోశాడు, కలిపాడు, తాగాడు, కప్పు దించాడు. ఒక్కో పనీ అయిపోయిందని చెప్పి మళ్లీ ఇంకోటి. ఇంత మామూలు మాటలతో గుండె పిండేవాడు ఇంకెవరున్నారు?

సెకండ్ లాంగ్వేజ్: మధ్యలో ఒకే ఒక్క అంపర్ఫే (జరుగుతూ ఉన్న పనిని చెప్పే భూతకాలం), ‘ఇల్ ప్లవే’. అయిపోయిన పనుల వెనక వాన కురుస్తూనే ఉంది. గోదారి గట్టు గారూ, అమ్మాయికి రెండు కాలాల తేడా ఈ లైను దగ్గర చూపించండి, సూత్రం తర్వాత చెప్పొచ్చు.

గోదారి గట్టు: చూపిస్తానండీ. కానీ మేడమ్ నోట ఆ ‘జ్’ ఎక్కడిది? పక్క పేజీలో ‘లా దెసిజియోఁ క జె ప్రీజ్’ (నేను తీసుకున్న నిర్ణయం) లాంటి అభ్యాసమేమైనా ఉందేమో, నేను రెండూ కలిపేసుకున్నానేమో అని పుస్తకం తీశా. ఆ పేజీలో బొమ్మ తప్ప ఏమీ లేదు.

పాత పుస్తకాలు: ఏ ముద్రణ అండీ మీది?