గోరంత ఫొటో దొరికింది, అసలుది ఎలా పట్టుకోవాలి? (బ్లౌజు వెనక వర్క్ కోసం)

కొత్తపేట మగ్గం

నమస్తే అందరికీ. నాది కొత్తపేటలో చిన్న మగ్గం వర్క్ షాపు. రెండు మగ్గాలు, ముగ్గురు కారిగర్లు. కంప్యూటర్‌ని బిల్లులు కొట్టడానికి తప్ప ముట్టుకోను, కాబట్టి కాస్త విడమర్చి చెప్పండి.

పోయిన ఆదివారం ఒక పెళ్లికూతురు వచ్చింది, వాళ్లమ్మనీ పిన్నినీ వెంటేసుకుని. ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "ఆంటీ, అచ్చం ఇలాగే కావాలి, ఒక్క పూస కూడా తేడా రాకూడదు" అంది. ర్యాంప్ మీద ఒకమ్మాయి అటు తిరిగి నడుస్తోంది, వీపంతా వర్క్. బాగుంది, పంపమ్మా అన్నా. వాళ్లు వెళ్లాక తెరిచి చూస్తే ఏముంది, ఫొటో నా బొటనవేలి గోరంత. వేళ్లతో లాగితే వీపు మీద ఆవాలు చల్లినట్టుంది. నడుము దగ్గర ఉన్నది నెమలా, మామిడి పిందా, లేక జడ నీడా అన్నది కూడా తెలియట్లేదు.

అడ్వాన్స్ తీసేసుకున్నా. ముహూర్తం ఇంకా 24 రోజులుంది. వీపు ఒక్కదానికే ఇద్దరు కూర్చుంటే ఆరేడు రోజులు పడుతుంది, ఆ తర్వాత చేతులు, మళ్లీ కుట్టు. టెన్షన్ మొదలైంది.

ఎక్కడ దొరికిందమ్మా అని అడిగితే ఏదో పాత ఫ్యాషన్ బ్లాగు లింకు పంపింది. అందులో అన్నీ ఇలాంటి బుల్లి ఫొటోలే, స్టాంపుల ఆల్బమ్‌లా వరసగా పేర్చి ఉన్నాయి. నొక్కితే పెద్దది తెరుచుకోవాలి కదా, పేజీ లేదని వస్తోంది.

"ఏదైనా యాప్‌లో వేసి క్లియర్ చేసుకోండి" అని మాత్రం దయచేసి చెప్పకండి. పోయిన శ్రావణంలో ఆ ముచ్చటా తీరింది. ఒక హంస డిజైన్ ఇలాగే చిన్నదిగా వస్తే, మా అబ్బాయి ఏఐ యాప్‌లో పెద్దది చేసిచ్చాడు. అద్దంలా వచ్చింది. మా కారిగర్ భాయ్ దాన్ని చూసే ట్రేసింగ్ పేపర్ మీద గీసి, సూదితో గుచ్చి, కిరోసిన్‌లో కలిపిన పౌడర్ అద్ది బట్ట మీదకి దించాడు. ట్రయల్ రోజు ఆ కస్టమర్ అసలు ఫొటో పెద్దది పట్టుకొచ్చింది. హంస రెక్కకి ఈకలు ఉండాల్సిన చోట మేం తమలపాకులు కుట్టాం! ముక్కు దగ్గర ఒక కుందన్ అదనంగా ఉంది, అదెక్కడిదో దేవుడికే తెలియాలి. విప్పడానికి రెండు రోజులు పట్టింది. రా సిల్క్ మీద సూది పడ్డ చోటు విప్పినా పోదండీ, చిన్న చిన్న కంతలు అలాగే ఉండిపోతాయి. చివరికి వాటి మీద చమ్కీలు కుట్టి కప్పాను. కూలీ నాదే పోయింది.

చిన్నది ఉందంటే పెద్దది ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కదా? ఎలా పట్టుకోవాలి?

మాదాపూర్ కీబోర్డు

అక్కా, మీ లెక్క కరెక్టే. చాలా సైట్లలో ముందు పెద్ద ఫొటోనే ఎక్కిస్తారు, చిన్న కాపీలు ఆ సైటే తీసుకుంటుంది. అందుకే చిన్నదాని అడ్రస్‌లోనే పెద్దదాని జాడ ఉంటుంది.

ముందు ఆ చిన్న ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి 'ఓపెన్ ఇమేజ్ ఇన్ న్యూ ట్యాబ్' నొక్కండి. ఫోన్‌లో అయితే క్రోమ్‌లో ఫొటో మీద వేలు అలాగే నొక్కి పట్టుకుంటే ఇదే ఆప్షన్ వస్తుంది. ఇప్పుడు పైన కనిపించే అడ్రస్‌ని చివరి దాకా జరిపి చూడండి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బ్లాగైతే ఫైలు పేరు తర్వాత ఒక అడ్డగీత, 150, మధ్యలో ఇంగ్లిష్ ఎక్స్ అక్షరం, మళ్లీ 150 ఉండి, ఆ తర్వాత డాట్ జేపీజీ ఉంటుంది. వర్డ్‌ప్రెస్ మామూలుగా తీసే అన్నిటికన్నా చిన్న సైజు అది, చదరంగా కత్తిరించి మరీ. 300, 768, 1024 ఉన్నా అదే తంతు. ఆ అడ్డగీత నుంచి అంకెల దాకా చెరిపేసి, డాట్ జేపీజీని మాత్రం ఉంచి ఎంటర్ కొట్టండి. నూటికి నూరుసార్లు వస్తుందని చెప్పను గానీ, వచ్చినప్పుడు మాత్రం భలే ఉంటుంది.

అలా వచ్చిన పెద్దదాని పేరు చివర 'స్కేల్డ్' అని ఉంటే అది కూడా తీసి చూడండి. 2019 చివర్లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ 2560 పిక్సెళ్లు (ఫొటోలోని చుక్కలు) దాటిన ఫొటోని తగ్గించి, ఆ మాట తగిలించి వాడుతోంది. దాని వెనక అసలు ఫైలు ఇంకా ఉండొచ్చు.

బ్లాగ్‌స్పాట్ అయితే అడ్రస్ మధ్యలో రెండు స్లాష్‌ల నడుమ ఎస్, పక్కనే 320 లాంటి అంకె కనిపిస్తుంది. అంకె తీసేసి సున్నా పెట్టండి. పింటరెస్ట్‌లో 236, పక్కన ఎక్స్ ఉంటుంది, అక్కడ 'ఒరిజినల్స్' అని రాయండి. తలుపు తీయకపోతే 736 పెట్టి చూడండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. గూగుల్ రిజల్ట్స్‌లో కనిపించే చిన్న బొమ్మ గూగుల్ తన దగ్గర పెట్టుకున్న కాపీ. దాని అడ్రస్ ఎంత గోకినా పెద్దది రాదు. దాన్ని నొక్కి అసలు సైటుకి వెళ్లాకే ఈ విద్యలన్నీ.

రెడీమేడ్ రాజు

ఇంత శ్రమ ఎందుకండీ, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ బ్లౌజులు బయట బోలెడు దొరుకుతున్నాయి. ఒకటి కొనిచ్చేయండి.

కొత్తపేట మగ్గం

రాజు గారూ, మీరు ఒకసారి మా షాపుకి వచ్చి ఆ మాట మా భాయ్ ముందు అనండి. నేను అడ్డు రాను.

మాదాపూర్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశా. అడ్రస్ చివర 200, ఎక్స్, 300 ఉంది. చెరిపి ఎంటర్ కొడితే మళ్లీ పేజీ లేదనే వచ్చింది. నాలుగుసార్లు చేశా. అదే పేజీలో ఇంకో ఫొటోకి చేస్తే అదీ రాలేదు.

మాదాపూర్ కీబోర్డు

బ్లాగుని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చినప్పుడు పెద్దవి పోయి, చిన్నవి మిగిలి ఉంటాయక్కా. అయితే ఆ పెద్ద అడ్రస్‌ని కాపీ చేసి వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది, 2001 నుంచి అందరికీ తెరిచే ఉంది, ఉచితం. పాత పేజీలతో పాటు కొన్ని ఫొటోలు కూడా దాచి ఉంచుతారు. క్యాలెండర్ వస్తే అందులో గుండ్రంగా గుర్తు ఉన్న తేదీ నొక్కండి. ఏమీ రాకపోతే నా దగ్గర సరుకు అయిపోయినట్టే.

లెన్స్ బాబాయ్

సికింద్రాబాద్‌లో 20 ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నానమ్మా. తమ్ముడు చెప్పింది ఆ ఇంటి తలుపు తట్టడం. ఆ ఇల్లే ఖాళీ అయితే అదే ఫొటో ఇంకెవరింట్లో ఉందో చూడాలి.

గూగుల్ లెన్స్‌లో ఆ చిన్న ఫొటో ఎక్కించు. స్క్రీన్‌షాట్ వద్దు, చుట్టూ ఉన్న చెత్త కూడా వెళ్తుంది. ఫొటోనే సేవ్ చేసి ఎక్కించు. అలాగే టిన్‌ఐ అని ఇంకో సైటు ఉంది. లెన్స్ అలాంటి బట్టలన్నీ చూపించి ఊరిస్తుంది, టిన్‌ఐ అయితే అదే ఫొటో ఎక్కడెక్కడ ఉందో వెతుకుతుంది. ఫలితాలు వచ్చాక 'బిగ్గెస్ట్ ఇమేజ్' అని క్రమం మార్చుకోవచ్చు. మా పనికి అది బంగారం.

ఇంకో మాట. ర్యాంప్ షోలలో ఒకే డ్రెస్‌కి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, దగ్గర నుంచి 'డీటెయిల్స్' అని ఇంకొన్ని తీస్తారు. నీకు దొరికిన ఫొటోనే వెతుకుతూ కూర్చోకు. డిజైనర్ పేరు, సీజన్, సంవత్సరం తెలుసుకో. ఆ మూడూ కలిపి చివర 'డీటెయిల్స్' అని కొట్టి వెతుకు. నువ్వు అనుకున్న దానికన్నా మంచి ఫొటో దొరకొచ్చు.

తమాషా ఏంటంటే గూగుల్ ఇమేజెస్ పుట్టిందే ఇలాంటి వెతుకులాట వల్ల. 2000లో గ్రామీ అవార్డులకి జెన్నిఫర్ లోపెజ్ ఆకుపచ్చ వెర్సాచీ గౌను వేసుకొచ్చింది. జనం అంతా దాని కోసమే వెతికారట, గూగుల్ దగ్గర చూపించడానికి ఉన్నవి నీలం రంగు లింకులు. మరుసటి సంవత్సరం ఇమేజెస్ మొదలైంది. అప్పట్లో గూగుల్ పెద్దగా ఉన్న ఎరిక్ ష్మిట్ తర్వాత ఈ సంగతి రాశాడు. 'వ్యూ ఇమేజ్' అని ఒక్క నొక్కులో పెద్దది తెరిచే బటన్ ఉండేది, ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్‌తో ఒప్పందం కుదిరాక 2018 ఫిబ్రవరిలో అదీ తీసేశారు. ఒక గౌను కోసం మొదలైన దుకాణంలో నువ్వు ఒక జాకెట్టు కోసం తిప్పలు పడుతున్నావు!

ఫొటోగ్రాఫర్‌గా ఒక విన్నపం. చూసి పని చేసుకో, ఎవరూ కాదనరు. ఆ ఫొటోని మాత్రం నీ షాపు పేజీలో, ఫ్లెక్సీ మీద వేయకు. మన దేశంలో ఫొటో మీద హక్కు తీసినవాడు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. నా ఫొటోలే ఎన్ని ఫ్లెక్సీల మీద చూశానో.

అద్దకం టీచరమ్మ

చెల్లీ, కూకట్‌పల్లిలో టైలరింగ్, మగ్గం నేర్పిస్తాను. వాళ్లు ఫొటో సంగతి చెప్పారు, నేను బట్ట సంగతి చెప్తా. ఎంత పెద్ద ఫొటో వస్తే సరిపోతుందో ముందు లెక్క వేసుకో, లేకపోతే వెతుకుతూనే ఉంటావు.

బ్లౌజు వీపు వెడల్పు సుమారు 14 అంగుళాలు అనుకో, అంటే దాదాపు 356 మిల్లీమీటర్లు. నీ ఫొటో వెడల్పు 200 పిక్సెళ్లు. అందులో మోడల్ వీపు మూడో వంతు ఉందనుకున్నా 67 పిక్సెళ్లు. 356ని 67తో భాగిస్తే 5 దాటుతుంది. అంటే ఒక్కో చుక్క బట్ట మీద 5 మిల్లీమీటర్ల పైమాట. ఆ చుక్కలో ఒక కట్‌దానా (సన్న గొట్టంలాంటి పూస), పక్కన రెండు పూసలు, మధ్యలో ఖాళీ అన్నీ కలిసి ఒకే రంగు ముద్ద అయిపోతాయి. మీ అబ్బాయి యాప్ తమలపాకులు వేసిందంటే దాని తప్పు కాదు, అక్కడ ఏమీ లేకపోతే అది పాపం ఊహించింది.

అదే వీపు ఒక్కటే 500 పిక్సెళ్లు వచ్చిందంటే చుక్క 0.7 మిల్లీమీటర్లు. పూస వేరు, జరీ వేరు అని కళ్లకి తెలుస్తుంది. నాకైతే అది చాలు. వెయ్యి వస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది, కానీ అంత అవసరం లేదు.

దొరికాక కస్టమర్‌తో వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు, మళ్లీ కుదించేస్తుంది. 'డాక్యుమెంట్' అని పెట్టి పంపమను.

పాత పనితనం కావాలన్నప్పుడు నేను బ్లాగుల జోలికే పోను. లండన్ వీ అండ్ ఏ మ్యూజియం, న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్లలో మన జరీ పని, మొఘల్ కాలం బట్టలు పెద్ద ఫొటోలు చూడొచ్చు. మెట్ వాళ్లు 2017లో హక్కుల గడువు తీరిన వస్తువుల ఫొటోలు మూడున్నర లక్షలకు పైగా ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. 'ఓపెన్ యాక్సెస్' గుర్తు ఉన్నవి చూసుకో. ఒక పల్లూ అంచు దగ్గరగా తెచ్చి చూస్తే కుట్టు ఎటు నుంచి ఎటు వెళ్లిందో కనపడుతుంది. మా పిల్లలకి అదే పాఠం.

కొత్తపేట మగ్గం

మూడు రోజులకి వచ్చా, క్షమించండి. దొరికింది!

వేబ్యాక్‌లో ఆ ఫొటో లేదు. టిన్‌ఐలో సున్నా. లెన్స్‌లో వేస్తే మొదట అన్నీ అమ్మకానికి ఉన్న లెహంగాలే వచ్చాయి, ఒక గంట వాటికే పోయింది, నిజం చెప్తున్నా. కిందకి వెళ్లగా వెళ్లగా అదే అమ్మాయి, అదే లెహంగా, కాకపోతే ముందు నుంచి తీసిన ఫొటో కనిపించింది. కింద సీజన్, సంవత్సరం రాసి ఉన్నాయి. బాబాయ్ చెప్పినట్టు ఆ రెండూ, డిజైనర్ పేరూ, చివర డీటెయిల్స్ అని కొడితే మూడో పేజీలో వీపు ఫొటో! వెడల్పు 1600. టీచరమ్మ గారి లెక్క ప్రకారం చూస్తే వీపు 500 కన్నా కాస్త ఎక్కువే.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దది చేసి చూస్తే అది నేను అనుకున్న జర్దోసి (బంగారు తీగ చుట్టల పని) కాదు! గోటా. బంగారు రంగు రిబ్బన్ ముక్కని మడిచి ఆకులా చేసి, అంచు వెంట కుట్టారు. మడత పడ్డ గీత కూడా కనిపిస్తోంది. నేను నెమలి అనుకున్నది మామిడి పింద, లోపల ఖాళీ, అంచుకి మాత్రం ముత్యాల వరస. భాయ్‌కి చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని ఓ నిమిషం చూసి, "మేడమ్, యే తో దో దిన్ కా కామ్ హై" (ఇది రెండు రోజుల పనే) అని నవ్వాడు. నేను ఆరేడు రోజుల జర్దోసి రేటు చెప్పి అడ్వాన్స్ తీసుకున్నా కదా.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశా, రేటు తగ్గుతుందని కూడా. ఫొటో డాక్యుమెంట్‌గా పంపా. గంట తర్వాత వాళ్లమ్మ ఫోన్. "గోటా అంటే మరీ తేలికగా ఉంటుందేమో అండీ, పెళ్లికి కదా, మీరు మొదట అనుకున్న జర్దోసి నెమలే వేసేయండి" అంది. అమ్మాయేమో వెనక నుంచి "లేదు, ఒక్క పూస కూడా తేడా రాకూడదు" అని అరుస్తోంది.

రేపు పొద్దున లాడ్‌బజార్ వెళ్తున్నా. ఎందుకైనా మంచిదని గోటా, జర్దోసి రెండూ తెస్తా. టీచరమ్మ గారూ, గోటాలో సన్న వెడల్పుది, అర అంగుళం లోపుది, మడిస్తే అంచు చిట్లని రకం ఏది అడగాలి?

అద్దకం టీచరమ్మ

కొట్లోనే ఒక ముక్క తీసుకుని గోరుతో మడిచి రుద్ది చూడు. మడత దగ్గర తెల్లగా పొట్టు లేస్తే అక్కడే వదిలేసి రా.