‘నా కృప నీకు చాలును’: ఈ ‘చాలు’ ఏ చాలు?

గుంపులోని పెద్దలకు నమస్కారం. మాది గుత్తి దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి నాకు నత్తి. పోయిన నెల చర్చిలో పాఠం చదివే వంతు నాకు పడింది. బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక, 12వ అధ్యాయం. ‘నా కృప నీకు’ వరకు బాగానే వచ్చింది. ‘చాలును’ దగ్గర నాలుక పట్టేసింది. ‘చా, చా’ అంటూ ఎంతసేపు నిలబడ్డానో. ఎవరూ నవ్వలేదు, అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు.

శరీరంలోని ముల్లు తొలగించమని పౌలు ముమ్మారు వేడుకున్నాడు. ఆ ముల్లు ఏమిటో ఆయన ఎక్కడా చెప్పలేదు. దానికి ప్రభువు నుంచి వచ్చిన జవాబే ఈ వాక్యం. నేనూ నత్తి పోవాలని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసినవాణ్ణే. అందుకే ‘చాలును’ అంటే ‘ఇంక అడగొద్దు’ అన్నట్టే నాకు వినిపించేది. పిల్లలు మారాం చేస్తే ‘సాలు సాల్లేప్పా’ అంటాం చూడండి, ఆ చాలు.

కానీ చాలు అనే క్రియకు సమర్థమవడం అనే అర్థం కూడా ఉంది. ‘చేయజాలడు’, ‘కాదనజాలం’ అని ఇప్పటికీ రాస్తున్నాం. ఆ జాల ఈ చాలే. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర నిఘంటువులోనూ సరిపోవడం, శక్తి కలిగి ఉండటం, రెండూ ఈ మాట కిందే ఉన్నాయి. ఇదే పత్రిక రెండో అధ్యాయంలో ‘ఇట్టి సంగతులకు చాలినవాడెవడు?’ అని పౌలు అడుగుతాడు. మరి 12లోని ‘చాలును’ ఆ ప్రశ్నకు జవాబా? ‘నువ్వు చాలకపోయినా నా కృప చాలుతుంది’ అని చదవచ్చా?

కర్నూలు నుంచి ఒక మాస్టారు: తమ్ముడూ, జాల సంగతి నిజం. అయితే గ్రీకు మూలంలో ఆ రెండు చోట్లా ఒకే మాట లేదు. రెండో అధ్యాయంలో ‘హికనోస్’, తగినవాడు అని. పన్నెండులో ‘అర్కెయ్’, సరిపోతుంది అని. రెంటినీ ఒకే ధాతువుతో కలిపింది మన అనువాదకులు. ఆ ముడి పౌలు వేసిందనలేం. పైగా ‘నీకు చాలును’ అంటే తెలుగు చెవికి సరిపోతుందనే తోస్తుంది. సామర్థ్యం చెప్పాలంటే ‘ఈ పనికి చాలును’ అని పని రావాలి కదా.

అనంతపురం నుంచి: మా వైపు సాలు అంటే నాగటి సాలు, సంవత్సరం కూడా సాలే. ‘ఈ సాలు వానలు సాల్లేదు’ అంటాం. ఇవి వేరే మాటలనుకోండి, గుర్తొచ్చి రాశాను.

జమ్మలమడుగు నుంచి ఒక అక్క: అబ్బీ, పదో అధ్యాయం కూడా చదువు. పత్రికలు ఘనంగా ఉంటాయి గానీ మనిషి ఎదురుపడితే బలహీనుడు, ప్రసంగం కొరగానిది అని కొరింథులో పౌలు గురించే అన్నారు. నువ్వొక్కడివే కాదు. ఇంకోటి, ‘క్రీస్తు శక్తి నామీద నిలిచియుండు’ అన్నచోట గ్రీకు మాటలో గుడారం ఉందని మా పాస్టరు అయ్యగారు చెప్పారు. పౌలు గుడారాలు కుట్టి బతికినవాడు కదా. చెట్టు లేని చేన్లో ఎండకు పని చేసినోళ్ళకు ఆ నీడేందో తెలుస్తుంది.

మొదట అడిగిన నేనే: మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. ముడి తెలుగుదే. కానీ ఆ ముడి తెలుగులో పడినందుకే నాకు ఆ ప్రశ్న కనిపించింది, అనువాదకులకు నేను రుణపడి ఉన్నాను. సరిపోవడం అన్న అర్థమే తీసుకున్నా నా పాత చదువు తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది. చెనిక్కాయ పంటకు ‘బోరు నీళ్ళు చాలాయి’ అంటే ఆపమని కాదు, పంట చేతికొచ్చేదాకా నీళ్ళు అందాయని. ఆ మాట అనే రోజు ఇంట్లో అందరి ముఖాలూ వేరుగా ఉంటాయి.

‘చాలును’ తర్వాత అదే వాక్యంలో ‘బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’ అని ఉంది. ఆ ‘బలహీనతయందు’ అన్న సప్తమిని కూడా నేను ఇన్నాళ్ళూ దాటేశాను. బలహీనత పోయిన తర్వాత అనలేదు. దానిలోనే అన్నాడు. ‘పరిపూర్ణమగుచున్నది’ కూడా అయిపోయిన పని కాదు, జరుగుతున్నది. నత్తితో నిలబడిన ఆ కాసేపట్లో కూడా జరుగుతున్నదేనని నేను నమ్ముతున్నాను.

అక్కా, గుడారం మాట మా అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

వచ్చే ఆదివారం రెండో అధ్యాయం చదవాలి. ‘చాలినవాడెవడు’లో మళ్ళీ నా నాలుక పట్టేసిన అదే ‘చా’, పళ్ళ దగ్గర పలికే దంత్య చకారం. టెన్షన్ ఉంది. చదువుతానని అయ్యగారికి చెప్పేశాను.