2012లో ఆపేసిన డిగ్రీ: మొదటి ఏడాది మార్కులు పనికొస్తాయా?

ఉస్మానియా పరిధిలో బీకాం మొదటి ఏడాది పాసై, రెండో ఏడాది 2012లో మధ్యలో మానేసిన 34 ఏళ్ల ఉద్యోగిని కోసం అడుగుతున్నాను. దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయడానికి జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమా, ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)నా? తెలుగు మాధ్యమం, ఆదివారం తరగతులు కావాలి కాబట్టి నా మొగ్గు మొదటిదానికే.

అసలు చిక్కు పాత మార్కులతో. అవి వార్షిక పద్ధతివి. ఉస్మానియాలో సెమిస్టర్ పద్ధతి 2016లో వచ్చింది. అకడమిక్ బ్యాంక్‌లో (చదివిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను దాచే డిజిటల్ ఖాతా) క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్లే గడువు. మరి పాత మెమోలతో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లున్నారా? టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీకి మారడానికి ఇచ్చే పత్రం) రెండూ అడిగారా?

ఇంకొకటి: దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం విద్యార్థికిచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి. ఆధార్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, టెన్త్ మెమోలో పుట్టింటి పేరు. ముందు ఆధార్ సరిచేయించాలా? ఈమధ్య చేరినవారు దయచేసి చెప్పండి.