పీజీ చదువుకుంట పని చేస్తున్న, దేన్ని వదలాలె?

పరకాల_పిల్లగాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండల ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో సెమిస్టర్ చదువుతున్న. నయీంనగర్‌ల ముగ్గురం కలిసి రూం తీసుకున్నం. పొద్దున 10 నుంచి 4 దాకా క్లాసులు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఒక మెడికల్ షాపుల పని. నెలకు 7,500. అండ్ల 2,000 రూం కిరాయి, 2,000 ఇంటికి పంపుత, మిగిలింది తిండికీ బస్సుకూ. వచ్చి తిని పుస్తకం తీసేసరికి 11 దాటుతది. రియల్ అనాలిసిస్ ఒక పేజీ చదివేసరికి కండ్లు మూతలు పడుతున్నయ్.

మొన్న చిన్నప్పటి దోస్తు పెండ్లి. ఓనర్ సెలవియ్యలే. షాపు మూసినంక బండి దొరకబట్టుకొని పోయేసరికి టెంటు ఇప్పుతున్నరు. వాడు ఏమనలే గని, వాళ్లమ్మ "పట్నపోనివి అయినవ్ బిడ్డా" అన్నది. సద్దుల బతుకమ్మకు గూడ ఇంటికి పోలే. చదువు, పని, మనుషులు, మూడు నాతోని అయితలేవు. దేన్ని వదలాలె?

మట్టెవాడ_పెద్దన్న:
తమ్ముడూ, పని మానెయ్. మొత్తం నాలుగు సెమిస్టర్లు, 24 నెలలు. అప్పు చేసైనా సరే చదువు మీదే ఉండు. నేను డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఖాళీగా ఉండి 2009లో ఎమ్మెస్సీలో చేరిన. జిరాక్స్ సెంటర్‌లో కూర్చున్న. 53 శాతంతో బయటపడ్డ. మాది ఓసీ, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష నెట్ రాయాలంటే పీజీలో 55 ఉండాలి. ఇంప్రూవ్‌మెంట్ రాసి 55 దాటించేసరికి 28 ఏళ్లు నిండినయ్. అప్పట్లో పరిశోధన చేసేటోళ్లకు నెలనెలా పైసలిచ్చే జేఆర్‌ఎఫ్‌కు 28 దాటొద్దు. రెండు శాతం దగ్గర నా బతుకు వేరే తొవ్వ పట్టింది. జిరాక్స్ సెంటర్ నాకిచ్చింది నెలకు 1,800.

కాజీపేట_జంక్షన్:
పెండ్లికి లేటుగ పోతే ఏమైతది, పోయినవ్ కదా. చదువుకో.

భూపాలపల్లి_రాజు:
పెద్దన్నా, పని మానెయ్ అని చెప్పుడు అల్కగనే ఉంటది. రూం కిరాయి నువ్వు కడుతవా? తమ్మీ, పని మానకు, హాజరు లెక్క పెట్టుకో. సెమిస్టర్‌కు 90 రోజుల క్లాసులనుకో. హాజరు 75 శాతం ఉండాలె, అంటే 68 రోజులు. 22 రోజులు నీ చేతిల ఉన్నయ్. పండుగలకు కొన్ని, పెండ్లిళ్లకు కొన్ని, పరీక్షల ముందట కొన్ని. గా 22 రోజులు సక్కగ వాడుకున్నోడు అన్నీ చేసుకుంటడు.

మట్టెవాడ_పెద్దన్న:
ఈ 22 రోజుల లెక్కే పిల్లలను ముంచేది. మ్యాథ్స్‌లో ఒక్క రోజు పోతే తర్వాత మూడు రోజులు అర్థం కాదు. రియల్ అనాలిసిస్‌లో హైనె-బోరెల్ థియరం చెప్పిన రోజు నేను క్లాసుకు పోలేదు. యూనిఫాం కంటిన్యుటీ వచ్చేసరికి బోర్డు మీద గీతలు తప్ప నాకేం కనపడలేదు. నీ 22 రోజులు నిజానికి 66 రోజులు.

పరకాల_పిల్లగాడు:
అన్నా, నేను క్లాసులు నాగా పెడతలేను. హాజరు మంచిగనే ఉన్నది. నా తిప్పలంతా రాత్రి చదువుకే.

భూపాలపల్లి_రాజు:
66 ఎక్కడిది? పక్కోని నోట్సు తీసుకొని రెండు గంటలు కూసుంటే అయిపాయె. 22 అంటే 22. రూలే 75 ఇచ్చింది, మిగిలిన 25 మనదనే కదా.

మట్టెవాడ_పెద్దన్న:
రూలు ఇచ్చింది జ్వరమొస్తే, ఇంట్లో ఎవరైనా పోతే. సొంత పనులకు పంచుకోమని కాదు.

నర్సంపేట_అక్క:
నేను గూడ పీజీనే, ఎమ్.కాం. రోజు నర్సంపేట నుంచి వచ్చి పోత. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు బస్సు టికెట్ తీసేసినంకనే మా ఇంట్ల పీజీకి ఒప్పుకున్నరు, లేకుంటే హాస్టల్ పైసలు ఎక్కడివని డిగ్రీతోనే ఆపుదురు. బస్సుల సీటు దొరికిన రోజు చదువుకుంట, దొరకని రోజు నిలబడి వస్త. ఇంటికి పోయేసరికి ఏడు. వంట, అంట్లు, పొద్దుగాల్లకు పప్పు నానబెట్టుడు. దీనికి జీతం లేదు కాబట్టి "పని చేస్తున్న" అని నేను ఎక్కడా రాసుకోలే. దోస్తుల పెండ్లికి పోవాలంటే సెలవు అడగాల్సింది ఓనర్‌ను కాదు, మా అత్తమ్మను. తమ్మీ, నీ బాధ నాకు తెలుసు. కానీ ఇద్దరన్నలు 22 రోజుల కాడ్నే ఆగిపోయిన్రు.

మట్టెవాడ_పెద్దన్న:
అమ్మా, నీ మాట కాదనను. కానీ రాజు చెప్పే లెక్క తప్పు, అది తేలాలి.

భూపాలపల్లి_రాజు:
తేలుడేంది? 53 శాతం నీకు జిరాక్స్ సెంటర్ తేలే, నువ్వే తెచ్చుకున్నవ్. నీ మీద కోపం తమ్ముని మీద తీర్చుకుంటున్నవ్.

మట్టెవాడ_పెద్దన్న:
అట్లనా. నువ్వు ఏ పీజీ చేసినవ్? ఎన్ని రోజులు క్లాసుకు పోయినవ్? నిజం చెప్పు.

నిర్వాహకుడు:
మనిషి మీదికి పోకుండ్రి. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్త.

భూపాలపల్లి_రాజు:
చెప్త, దాచేదేమున్నది. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్. హాజరుకు ఎన్ని రోజులు కావాల్నో అన్నే పోయిన. చేరిందే హాస్టల్ కోసం. డిగ్రీ అయినంక హన్మకొండల ఉండి గ్రూప్స్ చదవాలంటే మంచం కావాలె, రెండు పూటల తిండి కావాలె. పీజీ సీటు అవి ఇచ్చింది. మా క్లాసుల సగం మంది గంతే. బాపు లేడు, అమ్మ పత్తి ఏరిన పైసలు పంపేది. గ్రూప్-4ల ఉద్యోగం పట్టిన, ఇయ్యాల అమ్మ చేనుకు పోతలేదు. గా 22 రోజుల లెక్క మా ఇంట్ల అన్నం పెట్టింది. దాన్ని తప్పంటే నేను ఊకోను.

మట్టెవాడ_పెద్దన్న:
మీ అమ్మను పనికి పోకుండా చూసుకున్నవ్, దానికి నేను తల వంచుత. కానీ ఇప్పటిదాకా మనం రెండు వేర్వేరు సంగతులు మాట్లాడినం. నువ్వు చదువు అంటున్నది గ్రూప్స్ పుస్తకాలు. నేను అంటున్నది ఆ సబ్జెక్టు. ఇక్కడ ఉస్మానియా పీజీ సెంటర్ ఉన్నప్పుడు మా మేనమామ మడికొండ నుంచి సైకిల్ మీద పోయి ఫిజిక్స్ చదివిండు. 1976లో అదే కాకతీయ యూనివర్సిటీ అయింది. ఊరి పిల్లలు సబ్జెక్టు కోసం హైదరాబాద్ పోవాల్సిన పని లేకుండా చేసిన చోటు అది. దాన్ని మంచం లెక్క చూస్తే నాకు కడుపుల దేవినట్టయితది. ఇప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. అది వస్తే పనీ చదువూ ఒకటే అయితయ్.

భూపాలపల్లి_రాజు:
వస్తే! మా బ్యాచ్‌ల ఒక్కరికి రాలే. పీహెచ్‌డీ చేసి పార్ట్ టైం లెక్చరర్‌గ ఏండ్లకేండ్లు పర్మినెంట్ కోసం ధర్నాల కూసున్నోళ్లు నాకు తెలుసు. సబ్జెక్టు మీద ప్రేమ ఉండుడు తప్పు కాదు పెద్దన్నా, కానీ నాకు గా ప్రేమకు తీరిక ఎక్కడిది?

నర్సంపేట_అక్క:
తమ్మీ, నువ్వు ఎమ్మెస్సీల ఎందుకు చేరినవ్?

పరకాల_పిల్లగాడు:
అక్కా, ఇది ఎవరూ అడగలే. మ్యాథ్స్ ఇష్టమనే చేరిన. డిగ్రీల మా సార్ సెట్ థియరీ చెప్పినప్పుడు, అనంతంల గూడ చిన్నదీ పెద్దదీ ఉంటదని వినంగనే ఆ రాత్రి నిద్రపట్టలే. బాపు మాత్రం ఇది టీచర్ నౌకరి కోసమే అనుకుంటున్నడు. రూంల ఇద్దరు గ్రూప్స్ చదువుతున్నరు, పాలిటీ బిట్లు గట్టిగ అప్పజెప్పుకుంటరు. రాత్రి నా చదువు సాగకపోవుడుకు నిద్ర ఒక్కటే కారణం కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తున్నది.

ఇంకోటి. షాపు వదలాలని లేదు. ఆసుపత్రి చీటీ పట్టుకొని ముసలోళ్లు వస్తరు. ఏ గోళీ పొద్దున, ఏది రాత్రి అని కవర్ మీద పెద్ద అక్షరాలతోని రాసిస్త. చదువురానోళ్లకు సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీసిస్త. "మా పిల్లగాడు" అని మల్ల నన్నే వెతుక్కుంట వస్తరు. దినమంతల నాతోని నిమ్మళంగ మాట్లాడేది వాళ్లే.

రేపు ఓనర్‌ను అడుగుత, 6 నుంచి 8:30 దాకా పెట్టుమని. 1,500 దాకా తగ్గుతది కావచ్చు. రూం గూడ మారాలె.

మట్టెవాడ_పెద్దన్న:
రూం మారుడు ముందు చెయ్. హైనె-బోరెల్ కాడ ఆగితే ఇక్కడనే అడుగు, చేతితో రాసి ఫొటో పెడ్త.

భూపాలపల్లి_రాజు:
22 రోజుల మాట నేను వెనుకకు తీసుకోను. తమ్మీ, 1,500 తగ్గితే ఇంటికి ఎంత పంపుతవ్?

పరకాల_పిల్లగాడు:
ఐదు వందలు. బాపుకు ఇంకా చెప్పలే.