సెట్టింగ్స్ చెడితే మొత్తం రీసెట్ కొట్టాలా, చెడినదాన్నే వెతకాలా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో నాన్నగారి కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం). పోయిన నెల దాన్ని 22.04 నుంచి 24.04కి మార్చాను. ఆయన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో తెలుగు కొడతారు. ఇదివరకు సూపర్ కీ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ కలిపి నొక్కితే తెలుగులోకి వెళ్ళేది. ఇప్పుడు వెళ్ళడం లేదు. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ‘డీకాన్ఫ్ రీసెట్ మైనస్ ఎఫ్ స్లాష్’ కొట్టమని ఒకరు చెప్పారు. అది ఆయన సెట్టింగ్స్ అన్నిటినీ మొదటికి తెస్తుందట. నేను పుణెలో ఉంటాను, ఫోన్లో చెప్పి చేయించాలి. కొట్టించమంటారా?

నల్లతెర:
కొట్టించండి. లాగౌట్ అయి లోపలికొస్తే కొత్త కంప్యూటర్‌లా ఉంటుంది. ఫైళ్ళకేమీ కాదు.

పాతకాపు:
దయచేసి వద్దు. ఫైళ్ళు పోవు, నిజమే. కానీ గ్నోమ్‌లో, అంటే ఉబుంటులో మనకు కనబడే డెస్క్‌టాప్‌లో, కీబోర్డుల జాబితా కూడా సెట్టింగ్స్ దాచుకునే ఆ డీకాన్ఫ్‌లోనే ఉంటుంది. మొత్తం తుడిచేస్తే షార్ట్‌కట్‌తో పాటు తెలుగు కీబోర్డే జాబితాలోంచి పోతుంది. పెద్దాయన ముందు ఇంగ్లిషు ఒక్కటే మిగులుతుంది. మా అక్కకి ఇలాగే ఎవరో చేసిపెట్టారు. డాక్‌లో (తెర అంచునుండే పట్టీలో) తను పెట్టుకున్న గుర్తులన్నీ పోయేసరికి రాసుకున్నవన్నీ పోయాయనుకుని ఏడ్చింది. మళ్ళీ ఆ కంప్యూటర్ ముట్టుకోలేదు.

ఉత్తరపుగాలి:
ఇది వేలాండ్ పనే, తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి అది. లాగిన్ తెర మీద గేరు గుర్తు నొక్కి పాత పద్ధతైన జార్గ్‌లోకి వెళ్ళి చూడండి.

పాతకాపు:
22.04లోనూ మామూలుగా వచ్చేది వేలాండే. అప్పుడు పనిచేసిందిగా. ముందు వేరే యూజర్ ఖాతా తెరిచి చూడండి. అక్కడ పనిచేస్తే సిస్టమ్ బాగున్నట్టే, తేడా ఆయన సెట్టింగ్స్‌లోనే ఉన్నట్టు. అప్పుడు ఆ ఒక్క షార్ట్‌కట్ చూస్తే చాలు.

ఉత్తరపుగాలి:
జార్గ్‌లో చూశారా లేదా?

నల్లతెర:
వేరే ఖాతా అట! డెబ్బై ఏళ్ళాయనతో ఫోన్లోనా? పాతకాపు గారూ, ఒక మిత్రుడి కోసం ఇలాగే ఒక్కో మీట వెతుకుతూ మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. చివరికి ‘నువ్వే ఏదో చెడగొట్టావు’ అన్నాడు. అడిగినాయనకి రేపటికి పని జరగాలి. మీకేమో పాఠం చెప్పాలి.

పాతకాపు:
మీకు మీ ఫోన్ మోగడం ఆగాలి! అంతే తేడా. ఆయన రెండేళ్ళుగా అలవాటు చేసుకున్న తెర అది. మీరు తుడిచేది ఆయన చేతి అలవాటుని. ఎవరి కంప్యూటరండీ అది?

నల్లతెర:
కుర్రాడి నెత్తిన ఉన్న కంప్యూటర్. చెడినప్పుడల్లా పగలూ రాత్రీ ఫోన్లో కూర్చునేది తను. ఆ బరువు ఎవరికీ పట్టదు. నేను పదేళ్ళు మోశాను.

గోదారిగట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. నిన్న రాత్రి వీడియో కాల్లో నాన్నగారినే అడిగాను. ఇన్నాళ్ళూ నేనాయన్ని అసలేమీ అడగలేదు. మానిటర్ అంచుకి ఒక చీటీ అంటించి ఉంది, ఎర్ర సిరాతో ‘జెండా గుర్తు + పొడుగు మీట = తెలుగు’ అని. అక్షరాలు వెలిసిపోతే పైనుంచి మళ్ళీ దిద్దారు. అప్‌గ్రేడ్ అయ్యాక వారం రోజులు బాగానే పనిచేసిందట. దసరా సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు స్క్రీన్‌షాట్‌కి అవే మీటలు పెట్టుకున్నాడు. అవి వేరేదానికి ఉన్నాయి, మార్చనా అని కంప్యూటర్ అడిగితే సరే అన్నాడు. దాంతో భాష మార్చే షార్ట్‌కట్ ఖాళీ అయిపోయింది.

సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో షార్ట్‌కట్లు తెరిపించాను. మార్చినవి లావు అక్షరాల్లో కనిపించాయి. స్క్రీన్‌షాట్ పక్కనున్న రీసెట్ బాణం నొక్కించి, తర్వాత టైపింగ్ కింద ఉన్నదానికీ నొక్కించాను. టెర్మినల్ అవసరమే పడలేదు. ‘అమ్మ’ అని కొట్టి చూపించారు.

నల్లతెర:
సంతోషం. కానీ ఆ పిల్లాడు సంక్రాంతికి మళ్ళీ వస్తాడు. ఇప్పుడే ‘డీకాన్ఫ్ డంప్’ ఇచ్చి సెట్టింగ్స్ ఒక ఫైల్లో దాచండి. చెడితే మొత్తం రీసెట్ కొట్టి, ఆ ఫైలు లోడ్ చేయండి. తెలుగు కీబోర్డుతో సహా వెనక్కి వస్తుంది.

పాతకాపు:
డంప్ మంచి మాట, దాచండి. రీసెట్ మాత్రం ఆయన్ని అడక్కుండా కొట్టకండి.

నల్లతెర:
అడగండి, కాదన్లేదు. ‘ఏదో ఒకటి చెయ్యరా’ అంటారు. అప్పుడేం చేస్తారో చెప్పండి.