ఎస్చీట్ అనే మాటలో చీట్ ఎందుకుంది?

ప్రశ్న:
వారసత్వ చట్టం చదువుతూ ఎస్చీట్ దగ్గర ఆగిపోయాను. వీలునామా లేకుండా, వారసులూ లేకుండా ఎవరైనా పోతే ఆస్తి ప్రభుత్వానికి చేరడం అని అర్థం తెలుసు. కానీ ఆ మాటలో చీట్ కనబడుతోంది, మోసానికీ దీనికీ ఏమిటి సంబంధం? మూలం లాటిన్ అని మా లెక్చరర్ అన్నారు, అంతే. రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

జవాబు 1:
లాటిన్‌లో కాడెరె అంటే పడటం, ఎక్స్ అంటే బయటికి. రెండూ కలిసిన మాట పాత ఫ్రెంచ్‌లో ఎస్చెటె అయింది, అంటే ఒకరి వంతుకు వచ్చి పడినది. మనమూ "పొలం తమ్ముడి వాటాకు పడింది" అంటాం కదా, సరిగ్గా అదే ఊహ. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచ్ న్యాయ పదాలు అక్కడ పాతుకుపోయాయి, వాటిలో ఇదొకటి. యాక్సిడెంట్, కోర్టు కేసు అనే మాటల మూలం కూడా ఈ కాడెరెనే.

జవాబు 2:
పైవారు చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతాను. ఆ రోజుల్లో భూమి చేరేది ప్రభుత్వానికని కాదు, ఆ భూమి ఇచ్చిన ప్రభువుకు. రాజుగారే నేరుగా ఇచ్చి ఉంటే రాజుకు. వారసులు లేక పోయే భూమికి లాటిన్‌లో ప్రోప్టర్ డెఫెక్టుమ్ సాంగ్వినిస్ అని రాసేవాళ్లు, రక్తసంబంధం కరువైనందువల్ల అని. ఘోరనేరం చేసినవాడి భూమీ ఇలాగే పోయేది. దాన్ని రాజు ఏడాదీ ఒక రోజూ మాత్రమే ఉంచుకుని తర్వాత ప్రభువుకు వదిలెయ్యాలని 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా ఒప్పందంలో రాశారంటే, దీనిమీద ఎంత పేచీ ఉండేదో చూడండి.

జవాబు 3:
చీట్ సంగతి నేను చెప్తాను. ఇలాంటి భూముల లెక్క చూడటానికి రాజు ఎస్చీటర్లు అనే అధికారులను పెట్టాడు. భూమి ఉన్నవాడు పోగానే వీళ్లు వచ్చి ఊరివాళ్లతో ప్రమాణం చేయించి అడిగేవాళ్లు: ఎంత భూమి ఉంది, ఎవరి కింద ఉంది, వారసుడెవరు, వయసెంత? వారసుడు లేడని తేలితే భూమి పోయినట్టే, ఇక అధికారి అక్రమపరుడైతే ఆ కుటుంబం గతేమిటి? వీళ్లమీద జనానికి నమ్మకం పోయింది, మొదటి అక్షరం రాలిపోయి చీట్ మిగిలింది, 16వ శతాబ్దానికల్లా దానికి మోసమనే అర్థం స్థిరపడింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ! ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతా?

జవాబు 2:
వారసులు లేనివాళ్ల ఆస్తి విషయంలో కాదండీ, 1925 చట్టంతో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు అలాంటి ఆస్తిని బోనా వకాంటియా అంటారు, యజమాని లేని సొత్తు అని. అదీ లాటినే.